సెనోటేల్లో సిక్లిడ్ చేపలు చూడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు సెలవులు దగ్గరపడితే చాలు, మెక్సికోలోని కాన్‌కున్‌కి టికెట్లు కొనుక్కున్నవాళ్ళ నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "నువ్వేదో బావుల్లో చేపలు చూసొస్తావట కదా, ఎక్కడ, ఏ టైముకి, మాకు ఈత రాదే మరి" అని. డాలస్ నుంచి ఏటా వెళుతున్నాను కాబట్టి తప్పులన్నీ నేనే ముందు చేసేశాను. ఆ చేపలు సిక్లిడ్‌లు, మన తిలాపియా కుటుంబం. ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## టికెట్లు కొనేముందు

సెనోటే అంటే బావా, చెరువా, గుహా?

మూడూ కొంచెం కొంచెం. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దాదాపు మొత్తం సున్నపురాయి. వాన పడితే నీళ్ళు పైన పారవు, రాతిలోకి ఇంకిపోతాయి, అందుకే ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేలమీద చెప్పుకోదగ్గ నది ఒక్కటీ కనపడదు, ఉన్నవన్నీ కింద గుహల్లో పారుతున్నాయి. గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాననీరు కొద్దిగా పులుపెక్కి రాయిని మెల్లగా కరిగిస్తుంది. అలా గుల్లైన గుహ పైకప్పు ఎక్కడ కూలితే అక్కడ సెనోటే. మాయా భాషలో 'ద్జోనోట్' అనే మాటను స్పెయిన్ వాళ్ళు తమ నోటికి తగ్గట్టు తిప్పుకున్నారు.

మన బెలుం గుహలు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ నేలలో ఉన్న బావి లాంటి గుంతలోంచి మెట్లు దిగి లోపలికి వెళతాం కదా, ఆ గుంత నిండా అద్దం లాంటి నీళ్ళున్నాయనుకోండి. పైనుంచి వేలాడే సున్నపు ఊడలు ఇక్కడా ఉంటాయి, కాకపోతే నీళ్ళలో మునిగి ఉంటాయి. నీటి అడుగున ఊడలు పెరగవు. మంచుయుగంలో సముద్రమట్టం బాగా కిందికి పోయినప్పుడు ఈ గుహలు పొడిగా ఉండేవి, అప్పుడు పెరిగినవి అవి.

అక్కడికి చేపలు ఎలా వచ్చాయి? ఎవరైనా వదిలారా?

ఎవరూ వదలలేదు. బయటికి విడివిడి గుంతల్లా కనిపించినా కింద చాలా సెనోటేలు ఒకదానికొకటి కలిసే ఉంటాయి. తులుమ్ అనే ఊరి దగ్గరి సాక్ అక్తున్, దోస్ ఓహోస్ అనే రెండు గుహ వ్యవస్థలు కలిసే ఉన్నాయని 2018 జనవరిలో డైవర్లు తేల్చినప్పుడు మొత్తం పొడవు 347 కిలోమీటర్లు వచ్చింది. తీరం దగ్గరి సెనోటేలు మడ అడవుల్లోకి, సముద్రంలోకి తెరుచుకుంటాయి. పైగా మాయన్ సిక్లిడ్ ఉప్పునీటికి కూడా తట్టుకునే రకం.

లోతట్టున కొన్ని సెనోటేలు మాత్రం చాలాకాలంగా విడిపోయి ఉన్నట్టున్నాయి. 1930ల్లో కార్ల్ హబ్స్ అనే అమెరికన్ చేపల శాస్త్రవేత్త అలాంటి చోట్ల దొరికిన మాయన్ సిక్లిడ్‌లను చారల తేడా, ఒంటి తేడా చూసి వేరే ఉపజాతులుగా పేర్లు పెట్టాడు. వాటిని వేరుగా లెక్కపెట్టాలా వద్దా అని తర్వాతివాళ్ళు ఒక మాట మీద లేరు. ఒక్కో బావికి ఒక్కో ముఖం ఉంటుందన్నది మటుకు కళ్ళతో చూస్తే తెలిసిపోతుంది.

వేల సెనోటేలు ఉన్నాయి, చేపల కోసం దేనికి వెళ్ళాలి?

ఆకాశం కనపడేదానికి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే, పైన చిన్న కన్నంలోంచి వెలుగు స్తంభంలా పడే గుహ సెనోటేలు ఫోటోకి అద్భుతం, చేపలకు దండగ. ఎండ పడితేనే నాచు, నాచు ఉంటేనే పురుగూ నత్తా, అవి ఉంటేనే సిక్లిడ్. చీకటి గుహల్లో బతికేవి వేరే, కళ్ళు లేని తెల్లటి చేపలు రెండు జాతులున్నాయి, వాటిని చూడడం శిక్షణ ఉన్న గుహ డైవర్లకే కుదురుతుంది.

ప్లాయా దెల్ కార్మెన్ అనే ఊరికి దక్షిణాన 307 హైవే పక్కనే అసుల్, క్రిస్తలీనో, హార్దీన్ దెల్ ఎదెన్ అనే మూడు తెరిచిన సెనోటేలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇవే చెబుతాను. తులుమ్ దగ్గర గ్రాన్ సెనోటే బావుంటుంది కానీ జనం ఎక్కువ. కోబా రోడ్డులో అక్తున్ హా ఉంది, ఒకప్పుడు టాక్సీవాళ్ళు అక్కడ బళ్ళు కడుక్కునేవారట, అందుకే అందరూ దాన్ని కార్‌వాష్ అంటారు. నీటి కింద తామర తూళ్ళూ మునిగిన మొద్దులూ, చేపలకు స్వర్గమే. తీరం పక్కనున్న కాసా సెనోటేలో మడచెట్ల వేళ్ళ మధ్య మంచినీటి చేపలు, సముద్రపు చేపలు ఒకే మాస్క్‌లో కనపడతాయి.

మ్యాప్‌లో 'సెనోటే అసుల్' రెండు చూపిస్తోంది, ఏది కరెక్ట్?

రెండూ నిజమే. 'అసుల్' అంటే నీలం, ఆ పేరు పెట్టడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు కదా. ఒకటి ప్లాయాకి దగ్గర, చాలావరకు నిలబడేంత లోతే, మొదటిసారికి బావుంటుంది. రెండోది చాలా దక్షిణాన బకలార్ దగ్గర, 90 మీటర్ల లోతు, గట్టు దాటితే కింద నల్లగా తప్ప ఏమీ కనపడదు. మా వాళ్ళ బ్యాచ్ ఒకటి హోటల్ ఒకదాని పక్కన, టాక్సీ ఇంకోదానికి మాట్లాడుకుంది. డ్రైవర్ నవ్వి డబ్బులు తిరిగిచ్చాడు, పాపం.

ఏ నెలలో వెళితే మంచిది?

నీటి వేడి ఏడాది పొడుగునా 24 నుంచి 26 డిగ్రీల మధ్యే ఉంటుంది కాబట్టి చేపలు ఎప్పుడూ ఉంటాయి. తేడా అంతా నీటి తేటదనంలో. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడికాలం, నీళ్ళు శుభ్రం. మే నుంచి అక్టోబరు దాకా వానలు, పెద్ద వాన పడిన మర్నాడు అడవిలోంచి ఆకుల రసం దిగి కొన్ని సెనోటేలు టీ రంగులో ఉంటాయి. వేసవిలో కార్‌వాష్ పైపొరలో ఆకుపచ్చ నాచు కమ్ముతుంది, దాని కింద మళ్ళీ తేటే. క్రిస్మస్ వారం మటుకు వద్దు, అది చేపల కోసం కాదు, మనుషుల కోసం చెబుతున్నా.

అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా తీసుకోవాలా?

ఇండియన్ పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే విడిగా మెక్సికో వీసా అడగడం లేదు. స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు మెక్సికో కాన్సులేట్‌ని, తమ లాయర్‌ని అడిగాకే టికెట్ కొనాలి. రూల్స్ మారుతుంటాయి, నా మాట మీద విమానం ఎక్కకండి.

నాకు ఈత రాదు. వెళ్ళి గట్టుమీద కూర్చోవాల్సిందేనా?

అస్సలు కాదు. నిజానికి ఈత బాగా వచ్చినవాళ్ళకంటే మీరే ఎక్కువ చూస్తారు, ఎందుకంటే మీరు అటూ ఇటూ తిరగరు. చాలా సెనోటేల్లో లైఫ్ జాకెట్ ఎలాగూ తప్పనిసరి లేదా అద్దెకు దొరుకుతుంది. జాకెట్ వేసుకుని, మాస్క్, స్నార్కెల్ (నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే గొట్టం) పెట్టుకుని, గట్టుకో తాడుకో చెయ్యి ఆనించి బోర్లా తేలితే సరిపోతుంది. సముద్రంలోలా అలలు ఉండవు.

కాకపోతే స్నార్కెల్‌తో ఊపిరి పీల్చడం ముందే ప్రాక్టీస్ చేసుకోండి. అపార్ట్‌మెంట్ పూల్‌లో నడుము లోతులో నిలబడి, ముఖం ముంచి, నోటితో పదినిమిషాలు. మొదటి రెండు నిమిషాలూ గుండె దడదడలాడుతుంది, తర్వాత అదే సర్దుకుంటుంది. ఆ టెన్షన్ పూల్‌లోనే తీర్చేసుకుంటే అక్కడ చేపల మీద దృష్టి పెట్టొచ్చు. పక్కన ఈత వచ్చిన మనిషి ఒకరు ఉండాలి, ఇందులో బేరం లేదు.

ఏమేం కొనుక్కోవాలి?

మాస్క్ ఒక్కటి మంచిది కొనండి, మిగతావన్నీ అద్దెకి. తాడు పెట్టకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీలిస్తే, చెయ్యి వదిలేసినా అంటుకుని ఉండాలి. అలా ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. మీసం ఉన్నవాళ్ళకు నీళ్ళు కారుతుంటాయి, కొంచెం వాజిలైన్ రాస్తారు కానీ నేనైతే మీసం కత్తిరించుకోమంటాను, ఆ జిడ్డు నీళ్ళలో కలవడం నాకిష్టం లేదు. కళ్ళద్దాలవాళ్ళు పవర్ ఉన్న మాస్క్ తీసుకోండి, ఈ ఒక్క ఖర్చుకీ వెనకాడొద్దు. నేను మొదటి రెండు ట్రిప్పులూ మైనస్ నాలుగు కళ్ళతో రంగు మచ్చల్ని చూసి చేపలనుకున్నాను. 25 డిగ్రీలంటే వెచ్చగానే అనిపిస్తుంది గానీ కదలకుండా అరగంట ఉంటే పళ్ళు టకటకలాడతాయి, పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) లేదా పల్చటి వెట్‌సూట్ (నీళ్ళలో వెచ్చగా ఉంచే సూటు) ఉండాలి. ఫిన్స్ (కాళ్ళకి తొడుక్కునే రెక్కలు) అక్కర్లేదు, అడుగు మట్టి లేపడానికి తప్ప పనికిరావు.

## గట్టు మీద

ఎన్ని గంటలకి వెళ్ళాలి?

గేటు తీసేటప్పటికి మీరు అక్కడ ఉండాలి. చాలాచోట్ల ఎనిమిది, తొమ్మిది మధ్య తీస్తారు. టూరు బస్సులు పది, పదకొండుకి దిగుతాయి, ఆ తర్వాత పైనుంచి దూకేవాళ్ళు మొదలవుతారు. ఎండ నిటారుగా పడే మధ్యాహ్నం ఫోటోలకి బావుంటుంది నిజమే, కానీ అప్పటికి సిక్లిడ్‌లు రాళ్ళ కిందకి సర్దుకుని ఉంటాయి. ప్లాయా, తులుమ్ మధ్య హైవే మీద 'కొలెక్తీవో' అనే తెల్ల వ్యాన్లు తిరుగుతాయి, అచ్చం మన షేర్ ఆటో పద్ధతి, చెయ్యెత్తితే ఆగుతాయి. టికెట్ ధర ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఏటా పెరుగుతుంది కూడా. పెసోల్లో క్యాష్ పెట్టుకోండి, కార్డు మిషన్ పనిచెయ్యని రోజే మనం వెళతాం.

సన్‌స్క్రీన్ రాసుకోవద్దంటున్నారు, నిజమేనా?

నిజం. దోమల మందు కూడా రాసుకోకూడదు. దిగేముందు షవర్ కింద నిలబెడతారు, విసుక్కోకండి. ఈ నీళ్ళు ఊళ్ళు తాగే భూగర్భజలమే, మీరు రాసుకున్న క్రీము సరాసరి అందులోకే. తలకి నూనె పెట్టుకుని వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఆ రోజుకి మానేయండి. ఎండకి పొడుగు చేతుల చొక్కా, టోపీ చాలు. దోమల మందు బట్టలు మార్చుకున్నాక.

వెంటనే దిగిపోవచ్చా?

దిగొద్దు. గట్టుమీదో చెక్క మెట్లమీదో పది నిమిషాలు ఊరికే కూర్చోండి. నీళ్ళు అంత తేటగా ఉంటాయి కాబట్టి పైనుంచే చాలా తెలుస్తుంది. ఏ చేప తిరుగుతోంది, ఏది ఒకేచోట నిలబడి ఉంది అని చూడండి. తిరిగేది తిండి వెతుక్కుంటోంది. నిలబడి ఉన్నది, మధ్యమధ్య ఎవరినో తరిమి మళ్ళీ అదే చోటికి వచ్చేది, దాని కింద ఏదో ఉంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, దాని మీదుగా కాకుండా పక్కనుంచి దిగండి.

మొసళ్ళు ఉంటాయా?

కొన్నింట్లో ఉంటాయి, మోరెలే మొసలి అనే జాతి. కాసా సెనోటేలో ఒక చిన్న మొసలి ఉంటుందని అందరికీ తెలిసిందే. దిగేముందు అక్కడి పనివాళ్ళను అడగండి, వాళ్ళు వెళ్ళొద్దన్న మూలకి వెళ్ళకండి. తెల్లవారకముందు, చీకటిపడ్డాక నీళ్ళలో ఉండొద్దు. ఇంతకంటే భయపడాల్సింది తడి మెట్ల గురించి, నాకు తెలిసినవాళ్ళకు తగిలిన దెబ్బలన్నీ అక్కడే.

కాళ్ళు పెట్టగానే చిన్న చేపలు కొరుకుతున్నాయి, ఇవేనా సిక్లిడ్‌లు?

కాదు. అవి వెండి రంగు టెట్రాలు, గాంబూసియాలు, మోలీలు. మాల్స్‌లో ఫిష్ స్పా అని కాళ్ళు పెట్టిస్తారే, ఆ చేప వేరే, అది పశ్చిమాసియాది. ఇవి ఊరికే రుచి చూస్తాయి, ఏమీ కాదు. టెట్రాలను మటుకు గుర్తుపెట్టుకోండి, సెనోటే కథలో విలన్లు అవే.

## నీళ్ళలో

నేను దగ్గరికి వెళితే అన్నీ పారిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

వెళ్ళకండి. ఇదొక్కటే అసలు రహస్యం, మిగతాదంతా సామాను గోల. ఒక చోటు ఎంచుకుని, రెండు మూడు మీటర్ల దూరంలో, బోర్లా, చేతులు ఒంటికి ఆనించి, కదలకుండా తేలండి. మొదటి అయిదు నిమిషాలు ఏమీ జరగదు. మీకు బోరు కొడుతుంది, ఇంకోవైపు ఏదో ఉందనిపిస్తుంది, పోనివ్వండి. ఏడెనిమిది నిమిషాలకు చేపలు మిమ్మల్ని ఒక మొద్దు కింద లెక్కకట్టేస్తాయి. పదిహేను నిమిషాలకు తమ పని తాము చేసుకుంటాయి, అప్పుడే మీరు చూడడం మొదలైనట్టు.

సెనోటే అంతా చుట్టి వచ్చి ముప్పై చేపలు చూశానని చెప్పేవాళ్ళు ముప్పై చేపల తోకలు చూసి వస్తారు. ఒక్క జంట దగ్గర అరగంట ఆగండి.

సిక్లిడ్ అని ఎలా గుర్తుపట్టాలి?

ఇంటికి తెచ్చుకునే తిలాపియా ఆకారం గుర్తు తెచ్చుకోండి, అది కూడా సిక్లిడే. పక్కలకి వెడల్పు శరీరం, వీపు పొడుగునా ఒకటే రెక్క, దాని ముందు భాగంలో ముళ్ళు. కానీ ఆకారం కంటే తీరు చూస్తే తొందరగా తెలుస్తుంది. మిగతా చేపలు గుంపులో కొట్టుకుపోతుంటాయి. సిక్లిడ్ ఆగి మీవైపు చూస్తుంది, కళ్ళు తిప్పి చూస్తుంది, ఈయనెవరు అన్నట్టు. నీళ్ళలో అన్నీ మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి అడుగు పొడవు చేపను చూశానంటే దాన్లో కొంత తగ్గించుకుని చెప్పండి.

ఎక్కువగా కనిపించేవి ఏవి? ఒక్కోదానికి గుర్తు చెప్పండి.

ముందు మాయన్ సిక్లిడ్, దాదాపు ప్రతి తెరిచిన సెనోటేలోనూ ఉంటుంది. ఒంటిమీద నిలువు చారలు, తోక మొదట్లో నీలం అంచున్న నల్లటి గుండ్రటి మచ్చ, కన్ను లాగే. శాస్త్రీయ నామంలోని యూరోఫ్తాల్మస్ అంటే తోక మీద కన్ను అనే అర్థం. స్థానికులు కస్తర్రీకా అంటారు, కూర కూడా వండుకుంటారు. నత్తల్ని నమిలేస్తుంది, సిక్లిడ్‌లకు గొంతులో రెండో జత దవడలు ఉంటాయి, పై దవడలు పట్టుకుంటే లోపలివి పిండి చేస్తాయి. ఇదే చేప 1983లో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో బయటపడింది, అక్కడ అది పిలవని చుట్టం.

నాకు ఇష్టమైనది ఫైర్‌మౌత్. జానెడు కూడా ఉండదు, గడ్డం నుంచి పొట్టదాకా మండే ఎరుపు. కోపమొస్తే మొప్ప మూతలు, గొంతు సంచి గొడుగులా విప్పుతుంది, మొప్ప మూత మీద ఉన్న నల్ల మచ్చలు అప్పుడు ఎదురుగా రెండు పెద్ద కళ్ళలా కనిపించి ఎదుటి చేప వెనక్కి తగ్గుతుంది. చాలాసార్లు కొట్లాట అంతటితో సరి, దెబ్బలదాకా పోదు. మిగతా టైమంతా ఇసుక నోట్లోకి తీసుకుని, జల్లించి, మొప్పల్లోంచి వదిలేస్తుంటుంది, మా అమ్మమ్మ చేటతో బియ్యం చెరిగినట్టు.

జాక్ డెంప్సీకి ఆ పేరు 1920ల నాటి హెవీవెయిట్ బాక్సర్ పేరు మీద పెట్టారు. ముదురు ఒంటిమీద నీలి ఆకుపచ్చ చుక్కలు. పేరుకి బాక్సర్ గానీ సెనోటేలో సిగ్గరి, నీడలో, వేళ్ళ కింద వెతకండి. ఇక పసుపు ఒంటిమీద నల్ల మచ్చల వరసతో, పెద్ద నోటితో, మొద్దు పక్కన కదలకుండా కాచుకుని ఉన్నది పారాక్రోమిస్. అది చిన్న చేపల్ని తింటుంది.

అదే చేప నిన్న లేతగా, ఇవాళ నల్లచారలతో ఉంది. రెండు జాతులా?

ఒకటే అయ్యుంటుంది. చర్మంలోని రంగు కణాలను బిగించి, వదిలి, నిమిషాల్లో చారలు ముదురు చేసుకోగలవు. భయపడితే ఒక తీరు, గుడ్లు కాస్తుంటే ఇంకో తీరు. అందుకే అక్వేరియం పుస్తకాల్లో బొమ్మ చూసి రంగుతో పేరు పెట్టకండి. నోటి ఆకారం, తోక మచ్చ, చారల లెక్క చూడండి.

నీళ్ళు ఉన్నట్టుండి మసక కొట్టాయి, మాస్క్ పాడైందా?

లేదు, అది మంచినీరు ఉప్పునీరు కలిసే పొర, హాలోక్లైన్ అంటారు. సముద్రపు నీరు రాతి అడుగునుంచి లోపలికి వస్తుంది, బరువెక్కువ కాబట్టి కింద ఉంటుంది, తేలికైన మంచినీరు పైన. రెండూ కలిసేచోట కాంతి వంకరపోయి నూనె పోసినట్టు కనిపిస్తుంది. తీరం దగ్గర ఇది పైకి ఉంటుంది, లోతట్టుకు వెళ్ళేకొద్దీ కిందికి పోతుంది. ఒకవేళ మసక గోధుమరంగులో ఉంటే మటుకు అది మీరో పక్కవాళ్ళో కాళ్ళతో లేపిన బురద.

గుహ నోటిలోకి కొంచెం తొంగిచూడొచ్చా?

వద్దు. స్నార్కెల్‌తో పైన ఆకాశం ఉన్నచోటే. చాలా గుహ ద్వారాల దగ్గర నీటి అడుగున యముడి బొమ్మ లాంటి బోర్డు పెట్టి ఆగమని రాసి ఉంటుంది, డైవింగ్ వచ్చినవాళ్ళు కూడా అందులో చనిపోయారు కాబట్టే పెట్టారు. సిక్లిడ్‌లు ఎలాగూ వెలుగులోనే ఉంటాయి.

ఫోన్‌తో తియ్యొచ్చా?

పౌచ్‌లో పెట్టి తియ్యొచ్చు, కానీ మెడకి తాడు కట్టుకోండి, ఆ లోతుల్లోకి పోయిన ఫోన్లు ఎన్నో. ఫ్లాష్ వద్దు. ఫైర్‌మౌత్ ఎరుపు రావాలంటే నాలుగైదు మీటర్లలోపే తియ్యాలి, అంతకంటే కిందికి పోతే ఎరుపును నీళ్ళు మింగేస్తాయి. నా పద్ధతి: చిన్న యాక్షన్ కెమెరాను బరువుతో రాయిమీద పెట్టేసి నేను దూరంగా తేలుతూ ఉంటాను. నేను లేనప్పుడు చేపలు చేసే పనులు చూసి ఒక్కోసారి సిగ్గేస్తుంది, ఇంతసేపూ నేనే అడ్డమా అని.

బ్రెడ్ వేస్తే దగ్గరికొస్తాయి కదా?

వస్తాయి, టెట్రాలు వందల్లో. తిండి పెట్టడం నిషేధం కూడా.

## పిల్లలున్న జంట కనిపిస్తే

చేప ఇసుకలో గుంతలు తవ్వుతోంది, ఎందుకు?

అదృష్టం పండింది, అక్కడినుంచి కదలకండి. ఈ సిక్లిడ్‌లలో ఆడా మగా జతకట్టి ఇద్దరూ కలిసి పిల్లల్ని పెంచుతాయి. రాయో మొద్దో చూసుకుని నోటితో శుభ్రం చేసి, దానికి అంటుకునేలా గుడ్లు పెడతాయి. ఒకరు గుడ్లమీద రెక్కలతో నీళ్ళు విసురుతుంటే ఇంకొకరు కాపలా. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి, కానీ పిల్లలకు ఈత రాదు (చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు గానీ, మొదటి నాలుగైదు రోజులూ తోక కొట్టుకుంటూ పడి ఉంటాయంతే). వాటిని నోట్లో పెట్టుకుని తీసుకెళ్ళి దాచడానికే ఆ గుంతలు. రోజుకో గుంతకి మారుస్తుంటాయి.

పిల్లల గుంపు పైన తల్లి రెక్కలు టకటక కొడుతోంది. జబ్బా?

పిలుస్తోంది. పొట్ట కింది రెక్కలు గబగబా కదిపితే అది ప్రమాదం, దగ్గరికి రండి అని. చూస్తుండగానే పొగలా పరుచుకున్న పిల్లలు ముద్దలా దగ్గరపడి అడుక్కి దిగిపోతాయి. మన ఊళ్ళలో కొరమీను పిల్లల గుంపు చెరువులో ఎర్రగా తేలుతుంటే కింద తల్లి ఉందని పెద్దవాళ్ళు చెప్పేవారు కదా, ఆ కాపలా లాంటిదే ఇది కూడా, కొరమీను సిక్లిడ్ కాకపోయినా.

పిల్లల్ని దగ్గరినుంచి చూస్తే నష్టమేంటి? నేనేం ముట్టుకోను కదా.

నేనూ అలాగే అనుకున్నాను. మూడో ట్రిప్పులో ఒక మాయన్ సిక్లిడ్ జంట, వాటి కింద గోరులో సగం కూడా లేని పిల్లలు రెండు మూడు వందలు. వీడియో కోసం ఊపిరి బిగబట్టి కిందికి దిగాను, తండ్రి నా చేతిమీదికి దూకింది, తల్లి బెదిరి పక్కకి జరిగింది. అంతే. అప్పటిదాకా దూరంగా తిరుగుతున్న టెట్రాలు ఒక్కసారిగా గుంపులోకి దూసుకొచ్చాయి. పది సెకన్లు ఉంటుందేమో, నేను పైకి వచ్చి మళ్ళీ చూసేటప్పటికి గుంపు సగమైంది. ఆ వీడియో నా దగ్గర ఉంది, ఎవరికీ చూపించను.

మీరు ముట్టుకోకపోయినా తల్లిదండ్రుల కాపలా మీవైపు తిరిగిందంటే ఇంకోవైపు తలుపు తీసినట్టే. చేప మీవైపు ముఖం పెట్టి మొప్పలు విప్పిందా, మీరు దగ్గరికొచ్చేశారని అర్థం, మెల్లగా వెనక్కి జరగండి.

చేప వచ్చి కరిచింది! ప్రమాదమా?

గుడ్లు కాసేవి వేలినో మోకాలినో పొడుస్తాయి, గిల్లినట్టు ఉంటుంది, చర్మం చీలడం అరుదు. తప్పు మనదే.

## తిరిగొచ్చాక

ఒక చిన్నదాన్ని తెచ్చుకుని అక్వేరియంలో పెట్టుకోవచ్చా?

లేదు. అనుమతి లేకుండా పట్టడం చట్టవిరుద్ధం, విమానంలో తేవడం ఇంకో నేరం. ఫైర్‌మౌత్, జాక్ డెంప్సీ అక్వేరియం షాపుల్లో ఫారాల్లో పెంచినవే దొరుకుతాయి. పెంచుకుంటే పెంచుకోండి, విసుగొచ్చి చెరువులో మటుకు వదలకండి. మన దేశంలోకి తిలాపియాను 1952లో తెచ్చారు, ఆ తర్వాత చెరువుల్లో ఏం జరిగిందో జాలర్లను అడగండి.

మా ఇంట్లో ఫ్లవర్‌హార్న్ ఉంది, దాని అడవి జాతి అక్కడ కనిపిస్తుందా?

ఫ్లవర్‌హార్న్‌కి అడవి లేదు. అమెరికా ఖండపు సిక్లిడ్‌లను కలిపి 1990ల్లో మలేసియాలో పుట్టించిన సంకరం అది. నుదుటి మీద ఆ బొడిపె అదృష్టమని కొంటారు. సెనోటేలో దాని మేనమామలూ పినతండ్రులూ కనిపిస్తాయి అనుకోండి, బొడిపె లేకుండా, చాలా అందంగా.

ఫోటో తీశాను, పేరు తెలియడం లేదు. ఎవరిని అడగాలి?

ఐనాచురలిస్ట్‌లో (జంతువుల, మొక్కల ఫోటోలు పెట్టి పేర్లు తెలుసుకునే వెబ్‌సైటు) పెట్టండి, సెనోటే పేరు, తేదీ తప్పకుండా రాయండి. మెక్సికో చేపలు తెలిసినవాళ్ళు అందులో చూస్తుంటారు, నా రెండు 'జాక్ డెంప్సీ'లను కాదని వాళ్ళే సరిదిద్దారు. పిల్లలున్న జంటైతే ఎన్ని పిల్లలు, ఎంత లోతు, ఎవరు తరిమారు, ఎవరిని తరిమారు అనేవి బట్టలు మార్చుకోకముందే ఫోన్‌లో చెప్పి రికార్డు చేసుకోండి. హోటల్‌కి వచ్చేటప్పటికి సగం మర్చిపోతాం.

మెక్సికో కుదరదు. ఇలాంటి గుంతలు ఇంకెక్కడైనా ఉన్నాయా?

ఆఫ్రికాలో నమీబియా దేశపు ఉత్తర భాగంలో గినాస్ అనే సింక్‌హోల్ సరస్సు ఉంది, నిటారు గోడల బావి. తిలాపియా గినాసానా అనే సిక్లిడ్ సహజంగా ఉండేది ఆ ఒక్క గుంతలోనే, ఒకే జాతి అయినా ఒక్కోటి ఒక్కో రంగులో ఉంటుంది. దానికి దగ్గర్లోనే ఒట్జికోటో అనే ఇంకోటి ఉంది, 1915లో లొంగిపోయేముందు జర్మన్ సైనికులు తుపాకులు, ఫిరంగులు అందులో పడేశారు.

మన దేశంలో సొంత సిక్లిడ్‌లు లేవా?

ఉన్నాయి, మూడే మూడు జాతులు. వాటిలో పెద్దది కేరళవాళ్ళు కరిమీన్ అని ప్రాణం పెట్టే చేప, మన పులికాట్ సరస్సులో కూడా ఉంది. దాని దగ్గరి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. రెండోది నారింజ రంగు క్రోమైడ్, వేలెడంత. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును కొరుక్కుని తింటాయి. మూడోది ముఖ్యంగా కర్ణాటకలో. ఈ మూడింట్లోనూ ఆడా మగా కలిసే పిల్లల్ని కాస్తాయి. పులికాట్ నీళ్ళు సెనోటేలా తేటగా ఉండవు కాబట్టి మాస్క్ పనికిరాదు. ఎండ పడే లోతులేని చోటు చూసుకుని, పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని, ఒడ్డునో పడవలోనో కదలకుండా కూర్చోవాలి. పడవ మనిషికి ముందే చెప్పండి, పట్టడానికి కాదు, ఊరికే చూడడానికి అని. ఆయన మిమ్మల్ని ఒకలా చూస్తాడు, అలవాటైపోతుంది.